ఐదు నెలలు కప్పి పెట్టిన రోడ్‌స్టర్ కింద ఆయిల్ మరక: గేర్‌బాక్స్ దించాల్సిందేనా?

టాప్‌తీసినబండి
చలికాలం మొదట్లో కడిగి, ట్యాంకు నింపి, కవరు కప్పి పెట్టాను. అప్పటికి కింద ఒక్క బొట్టు లేదు, ఒట్టు. ఐదు నెలలయ్యాక మొన్న ఆదివారం కవరు తీసి, బ్యాటరీ తగిలించి తాళం తిప్పా. మొదటి దెబ్బకే అందుకుంది. ఆ సంబరంలో ఇరవై కిలోమీటర్లు తిప్పి తెచ్చి లోపల పెట్టా. రాత్రి చూస్తే ఇంజిను, గేర్‌బాక్స్ కలిసేచోట సరిగ్గా కింద అరచెయ్యంత మరక. తెల్లారేసరికి కంచమంత అయింది.

తెలిసిన వర్క్‌షాపుకి తీసుకెళ్తే అతను కింద టార్చి వేసి అర నిమిషం చూసి "రియర్ మెయిన్ సీల్ పోయింది, గేర్‌బాక్స్ దించాలి, రెండ్రోజుల పని" అని తేల్చేశాడు. అంటే ఇంజిను వెనక కొసన క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు సీల్. నాకు అర్థం కానిది ఒకటే. నడిపితే అరిగిపోయింది అంటే ఒప్పుకుంటా. పడుకోబెట్టిన కారుకి సీల్ ఎలా పోతుంది?

నట్టూబోల్టూ
ఏ కారో చెప్పకుండా జాతకం అడిగితే ఎలా?

టాప్‌తీసినబండి
పేరు చెప్తే ఆ కారంటే పడనివాళ్లంతా వచ్చి వాలతారు, అందుకే ఆగా. 1990ల నాటి రెండు సీట్ల రోడ్‌స్టర్. ముందు ఇంజిను, వెనక చక్రాల డ్రైవ్, నాలుగు సిలిండర్లు, రెండు క్యామ్‌షాఫ్ట్‌లు. చాలదా?

తుప్పుకితుప్పు
చాలు, అర్థమైంది. వచ్చి వాలాం కూడా.

కొత్తస్టీరింగ్
నాదీ ఇదే కథ, నాలుగు నెలలు నిలబెట్టా. కాకపోతే నా మరక ముందు చక్రం పక్కన. ఫాలో అవుతున్నా.

మీసాలమెకానిక్
ముందు ఆ "పడుకుంటే ఎలా పోతుంది" సంగతి చూద్దాం. సీల్ అంటే షాఫ్ట్ చుట్టూ ఒరుసుకుంటూ ఉండే పల్చటి రబ్బరు పెదవి. ఆ పెదవికీ ఇనుముకీ మధ్య సన్నటి ఆయిల్ పొర ఉంటేనే అది మెత్తగా, తడిగా ఉంటుంది. వారానికోసారి నడిపే కారులో ఆ పొర ఆరదు. నెలల తరబడి నిలబెడితే ఆయిలంతా సంపులోకి, అంటే ఇంజిను అడుగున ఉండే ఆయిల్ తొట్టిలోకి దిగిపోయి పెదవి ఆరుతుంది. పైగా షాఫ్ట్ బరువు ఎప్పుడూ ఒకే భంగిమలో ఉంటుంది కాబట్టి రబ్బరు ఆ వంపుకే అలవాటు పడిపోతుంది. దిండు మీద తల పెట్టినచోట గుంట పడ్డట్టే.

దానికి తోడు చలి. రబ్బరు ముడుచుకోవడం ఇనుముతో పోలిస్తే సుమారు పది రెట్లు ఎక్కువ. వెచ్చగా ఉన్నప్పుడు పట్టుగా ఉన్న సీల్ గడ్డకట్టే చలిలో వెంట్రుకవాసి సందు ఇస్తుంది. మంచి రబ్బరైతే ఇంజిను వేడెక్కగానే మళ్లీ సర్దుకుంటుంది. పాతికేళ్లు వేడికి ఉడికి గట్టిపడ్డ రబ్బరు సర్దుకోదు. అంటే చలికాలం కొత్తగా ఏదీ పాడు చెయ్యలేదు. ఉన్న ముసలితనాన్ని బయటపెట్టిందంతే.

ఇంతా చెప్పి కూడా, నీది రియర్ మెయిన్ సీలే అని మాత్రం నేను అనను. అర నిమిషం టార్చితో ఎవరూ అనకూడదు.

ఎర్రగీత9000
వర్క్‌షాపువాడి తప్పేముంది? బెల్‌హౌసింగ్ (ఇంజిను, గేర్‌బాక్స్ కలిసేచోటి గుల్ల) కింద చుక్క పడితే పదిలో తొమ్మిదిసార్లు ఆ సీలే. దించు, మార్చు, పీడా వదులుతుంది. క్లచ్ ప్లేటు కూడా అదే ఊపులో మార్చేయ్.

మీసాలమెకానిక్
ఆ పదిలో తొమ్మిది లెక్క ఎక్కడిది గురూ?

ఎర్రగీత9000
అనుభవం.

నట్టూబోల్టూ
మొత్తం ఎన్ని కార్లు చూసిన అనుభవం?

ఎర్రగీత9000
రెండు.

క్యామ్‌కవర్
నవ్వు ఆగట్లేదు.

టాప్‌తీసినబండి, ఒక్క క్షణం ఆగి ఇది చదువు. ఆయిల్ ఎక్కడ కారుతోందో అక్కడే కింద పడుతుందని రూలేమీ లేదు. పైన ఎక్కడో చెమర్చిన ఆయిల్ బ్లాకు వెనక గోడ మీదుగా జారి, బెల్‌హౌసింగ్ అంచు పట్టుకుని, అన్నిటికంటే పల్లంగా ఉన్నచోట బొట్టు కడుతుంది. కింద నుంచి చూసేవాడికి అచ్చం రియర్ మెయిన్ సీల్‌లాగే కనిపిస్తుంది. ఇందులో పేరుమోసింది మొదటి తరం మాజ్దా ఎమ్‌ఎక్స్-5, 1989 నుంచి 1997 దాకా వచ్చినవి. వాటిలో సిలిండర్ హెడ్ వెనక, సరిగ్గా ఫైర్‌వాల్ (ఇంజినుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడ) పక్కన, క్యామ్‌షాఫ్ట్ ఎంత తిరిగిందో చెప్పే క్యామ్ యాంగిల్ సెన్సర్ ఉంటుంది. దాని మెడకి ఒక్క ఓరింగ్, అంటే గుండ్రటి రబ్బరు చుట్టు. అది గట్టిపడితే ఆయిల్ నేరుగా బెల్‌హౌసింగ్ మీదకే దిగుతుంది. ఆ చిన్న రబ్బరు ముక్కని మార్చకుండా గేర్‌బాక్సులు దించుకున్నవాళ్లు లెక్కలేనంత మంది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే అదే. దించి సీల్ మార్చాక కూడా చుక్క ఆగదు, అదీ అసలు బాధ.

నీ కారులో హెడ్ వెనక ఏముందో చెయ్యి పెట్టి తడుము. వేళ్లకి తడి తగిలితే సగం పని అయినట్టే.

టాప్‌తీసినబండి
చెయ్యి పట్టేంత సందు లేదు అక్కడ. రెండు వేళ్లు దూర్చా. నల్లగా, జిగురుగా తగిలింది. కానీ ఇంజినంతా మురికే, పాతదో కొత్తదో ఎలా తెలుస్తుంది?

మీసాలమెకానిక్
కడగాలి. కడక్కుండా లీకేజీ వెతకడం అంటే వానలో చెమట వెతకడమే.

చల్లటి ఇంజిను మీద జిడ్డు వదిలించే డిగ్రీజర్ కొట్టి, బ్రష్షుతో రుద్ది, తుడువు. నీళ్లు వాడితే ఎలక్ట్రికల్ కనెక్టర్లకి కవర్లు చుట్టు. ఆరాక పది, పదిహేను నిమిషాలు ఇంజిను తిరగనిచ్చి, అద్దం ముక్కా టార్చీ పట్టుకుని పై నుంచి కిందకి చూసుకుంటూ రా. కింద నుంచి పైకి కాదు. తడి ఉన్నవాటిలో అన్నిటికంటే ఎత్తులో ఉన్నచోటే నీ దొంగ. నడిపినప్పుడు గాలికి ఆయిల్ వెనక్కి కొట్టుకుపోతుంది కాబట్టి, ఒకే ఎత్తులో రెండు తడులుంటే ముందువైపున్నదాన్ని అనుమానించు.

ఇంకా తేలకపోతే అనుమానం ఉన్నచోట పౌడరు చల్లు. ఆయిల్ తగిలినచోట గీత పడుతుంది. దానికీ లొంగకపోతే ఆయిల్‌లో కలిపే యూవీ రంగు దొరుకుతుంది, యూవీ లైటు వేస్తే పచ్చగా మెరుస్తుంది.

కొత్తస్టీరింగ్
బ్రేక్ క్లీనర్ కొట్టొచ్చా?

మీసాలమెకానిక్
ఇనుము మీద కొట్టు. రబ్బరు గొట్టాల మీద, పెయింటు మీద వద్దు. వేడి ఇంజిను మీద అసలు వద్దు, అంటుకుంటుంది.

డిప్‌స్టిక్
అసలు అది ఇంజిన్ ఆయిలేనా? ఎవరూ అడగలేదు. బెల్‌హౌసింగ్ దగ్గరంటే గేర్‌బాక్స్ ముందు సీల్ కూడా కావచ్చు, క్లచ్‌ని కదిలించే చిన్న హైడ్రాలిక్ సిలిండర్, అదే క్లచ్ స్లేవ్ సిలిండర్ కూడా కావచ్చు. తెల్ల కాగితం మీద ఒక బొట్టు పట్టి చూడు. తేనె రంగు గానీ నలుపు గానీ అయితే ఇంజిన్ ఆయిల్. ఎరుపైతే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌దో, పవర్ స్టీరింగ్‌దో. నీళ్లలా పల్చగా లేత పసుపుగా ఉంటే బ్రేకు, క్లచ్ ఫ్లూయిడ్. అది పెయింటుని తినేస్తుంది, జాగ్రత్త. ఇక వాసన చూస్తే కుళ్లిన గుడ్డులా ముక్కు బద్దలైతే గేర్ ఆయిల్, అందులో గంధకం ఉంటుంది.

తుప్పుకితుప్పు
రుచి కూడా చూడమంటావా?

డిప్‌స్టిక్
కూలెంట్ తియ్యగా ఉంటుందంటారు. కానీ అది విషం. నువ్వు మాత్రం చూసుకో.

టాప్‌తీసినబండి
కాగితం మీద పట్టా. లేత తేనె రంగు, గంధకం వాసన లేదు. ఇంజిన్ ఆయిలే. రంగు ఇంత లేతగా ఎందుకుందంటే నిలబెట్టే ముందు కొత్త ఆయిల్ పోయించా.

నట్టూబోల్టూ
అయితే డ్రెయిన్ ప్లగ్ వాషర్ మార్చారా? చాలావాటిలో ఆ రేకు వాషర్ ఒకసారి నొక్కుకుంటే అంతే, రెండోసారికి పట్టదు. ఫిల్టరు కూడా చూడు. పాత ఫిల్టర్ రబ్బరు ఇంజినుకే అతుక్కుపోయి, దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించేవాళ్లున్నారు. రెండు రబ్బర్లు కలిసి కొన్నాళ్లు ఓపిక పడతాయి, తర్వాత ఒకేసారి కక్కేస్తాయి. నా కారుకి సరిగ్గా అదే చేశారు. కిలోమీటరు పొడుగునా నల్లగీత గీసుకుంటూ వెళ్లా, ఆయిల్ లైటు వెలిగేదాకా తెలియలేదు. ఆ గీత ఇంకా ఉంది రోడ్డు మీద.

టాప్‌తీసినబండి
రెండూ చూశా, పొడిగా ఉన్నాయి.

సగంలీటరు
ఇంత గొడవెందుకు? లీకేజీ ఆపే మందు ఒక సీసా పోయండి. నేను మూడేళ్లుగా అదే.

మీసాలమెకానిక్
ఆ మందులో చాలామట్టుకు ఉండేది రబ్బరుని ఉబ్బించే రసాయనం. ఎండి ముడుచుకున్న పెదవి కాస్త ఉబ్బి సందు మూసుకుంటుంది, నిజమే. అరిగిపోయిన, చిట్లిపోయిన రబ్బరుకి అది చేసేదేమీ లేదు. ఇంకో చిక్కు: అది లీకయ్యే సీల్ ఒక్కదాన్నే వెతుక్కుంటూ పోదు, బాగున్నవాటిని కూడా ఉబ్బిస్తుంది. అమ్మేసే కారుకి పోస్తారు దాన్ని.

సగంలీటరు
మూడేళ్లుగా అమ్మలేదు మరి.

తుప్పుకితుప్పు
కొనేవాడు కింద చూసుంటాడు.

పడుకున్నఆరు
నాది ఫ్లాట్ సిక్స్, ఆరు సిలిండర్లు అడ్డంగా పడుకున్న ఇంజిను, కాబట్టి ఇది మీ రోడ్‌స్టర్‌కి నేరుగా వర్తించదు. అయినా ఈ థ్రెడ్‌కి రేపు ఫ్లాట్ సిక్స్ వాళ్లూ వస్తారు కాబట్టి రాస్తున్నా.

సిలిండర్లు అడ్డంగా పడుకుని ఉంటాయి కాబట్టి నెలల తరబడి నిలబెడితే కాస్త ఆయిల్ పిస్టన్ రింగుల సందుల్లోంచి దహన గదిలోకి చేరుతుంది. మొదటి స్టార్టుకి వెనకంతా నీలిపొగ. మొదటి ఏడాది నేనైతే ఫైరింజన్ పిలవబోయా. నిమిషంలో పోతే కంగారు పడక్కర్లేదు, పోకపోతేనే ఆలోచించాలి.

రెండోది డ్రై సంప్ ఉన్నవాటి సంగతి, పాత ఎయిర్ కూల్డ్ పోర్షే 911ల లాంటివి. వాటిలో ఆయిల్ వేరే ట్యాంకులో ఉంటుంది. నిలబెట్టినన్నాళ్లూ ట్యాంకులోంచి మెల్లగా ఇంజిను అడుగున ఉన్న క్రాంక్‌కేసులోకి దిగుతుంది. చల్లటి ఇంజిను మీద డిప్‌స్టిక్ తీస్తే పొడి పుల్ల వస్తుంది. "అయ్యో, ఆయిలంతా కారిపోయింది" అని రెండు లీటర్లు పోస్తారు. వేడెక్కి ఆ ఆయిలంతా ట్యాంకులోకి తిరిగొచ్చాక పొంగి, లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టంలోంచి ఎయిర్ ఫిల్టర్‌లోకి కక్కుతుంది. అప్పుడు మొదలవుతుంది అసలు లీకేజీ. వాటిలో లెవెల్ చూడాల్సింది ఇంజిను బాగా వేడెక్కాక, చదునైన నేల మీద, ఐడిల్‌లో తిరుగుతుండగా.

త్రికోణంబాబు
పిస్టన్ల బదులు త్రికోణపు రోటర్ తిరిగే రోటరీ ఇంజిను వాళ్లకి ఈ బాధలు లేవు. మా ఇంజిను ఆయిల్‌ని కావాలనే కాల్చుకుంటుంది, సీళ్లు తడవడానికి పంపు పెట్టి మరీ పోస్తారు. కారేలోపే తాగేస్తుంది.

పడుకున్నఆరు
మీ రోటరీ మాజ్దా ఆర్‌ఎక్స్-7 ఆయిల్ పాన్ కారే సంగతి కూడా చెప్పు మరి.

త్రికోణంబాబు
దాని గురించి ఇంట్లో మాట్లాడుకోం.

మంచులోమైలు
ఈ తిప్పలన్నీ ఎందుకు, నెలకోసారి ఒక పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే సీళ్లు తడుస్తాయి కదా? నేనదే చేస్తా.

డిప్‌స్టిక్
అదే అన్నిటికంటే చెడ్డ అలవాటు. లీటరు పెట్రోలు కాలితే ఇంచుమించు లీటరు నీరు పుడుతుంది. ఎక్కువ భాగం పొగగొట్టంలోంచి పోతుంది గానీ, చల్లటి ఇంజినులో కొంత రింగుల పక్కనుంచి క్రాంక్‌కేసులోకి చేరుతుంది. ఆయిల్ బాగా వేడెక్కి, 90, 100 డిగ్రీల దగ్గర కాసేపు తిరిగితే ఆ నీరు ఆవిరై పోతుంది. పది నిమిషాల ఐడిల్‌కి కూలెంట్ ముల్లు పైకి వస్తుంది, ఆయిల్ రాదు. ముల్లు చూసి మోసపోతారు. ఆయిల్ మూత తీసి చూడు, అడుగున మీగడలాంటిది కనిపిస్తుంది.

మంచులోమైలు
ఇప్పుడే చూశా. ఉంది. తెల్లగా.

డిప్‌స్టిక్
అదే మీగడ బ్రీదర్ గొట్టంలో కూడా ఉంటుంది. గడ్డకట్టే చలిలో అది బిగుసుకుని గొట్టం మూసుకుపోతే క్రాంక్‌కేసులో ఒత్తిడి ఎటూ పోలేక బలహీనంగా ఉన్న సీల్‌ని తోసుకుని బయటికొస్తుంది. సీల్ మార్చినా మళ్లీ కారుతోంది అని ఏడ్చేవాళ్లలో సగం మంది బ్రీదర్, ఆ గాలిని వదిలే పీసీవీ వాల్వ్ ముట్టుకోనివాళ్లే. చూడ్డం తేలిక: ఇంజిను ఐడిల్‌లో ఉండగా ఆయిల్ మూత తీసి ఆ రంధ్రం మీద పల్చటి కాగితం పెట్టు. మెల్లగా లోపలికి పీల్చుకోవాలి. ఎగరగొడితే బ్రీదర్ మూసుకుందో, రింగులు అరిగాయో.

మంచులోమైలు
ఇది కారు డాక్టరు థ్రెడ్ అనుకోలేదు. సరే, మానేస్తా. నడిపితే అరగంట నడుపుతా, లేకపోతే ముట్టుకోను.

ఎర్రగీత9000
సింథటిక్ ఆయిల్ వల్లే ఇదంతా. పాత కార్లకి మామూలు ఆయిలే పొయ్యాలి. సింథటిక్ పల్చన, సందుల్లోంచి జారిపోతుంది.

మీసాలమెకానిక్
5W-40 అంటే సింథటిక్ అయినా కాకపోయినా వేడిలో చిక్కదనం ఒకటే గ్రేడు. 1970లలో వచ్చిన తొలి సింథటిక్‌లు కొన్ని రబ్బరుని ముడుచుకునేలా చేసేవి, ఆ పేరు ఇప్పటికీ పోలేదు. తర్వాత ఎస్టర్లనే రసాయనాలు కలిపి సరిచేశారు. పాత ఇంజినులో సందులకి అడ్డం పడ్డ మడ్డిని కొత్త ఆయిల్ కడిగేస్తే లీకేజీ బయటపడొచ్చు, అది వేరే విషయం.

నిజానికి చలిలో ప్రమాదం చిక్కటి ఆయిల్‌తోనే. ఆ W ముందున్న అంకె చలి గురించి చెప్పేది. 10Wకి స్టార్టింగ్ పరీక్ష -25 డిగ్రీల దగ్గర, 5Wకి -30, 0Wకి -35. ట్రాక్ కోసం 10W-60 పోసి, గడ్డకట్టిన పొద్దున స్టార్ట్ చేసి యాక్సిలరేటర్ తొక్కితే ఆయిల్ ప్రెషర్ ఎగబాకుతుంది. ఫిల్టర్ రబ్బరూ, ఆయిల్ కూలర్ అతుకులూ ముందు కక్కేది అప్పుడే.

ఎర్రగీత9000
సరే, ఇది ఒప్పుకుంటా. గేర్‌బాక్స్ దించడం మాత్రం దించు.

తుప్పుకితుప్పు
వదలడు.

కొత్తస్టీరింగ్
ఇంతకీ నా ముందు చక్రం పక్క మరక సంగతి ఎవరూ చెప్పలేదు.

క్యామ్‌కవర్
తేనె రంగైతే ముందు వాల్వ్ కవర్ గ్యాస్కెట్ మూలలు చూడు, తర్వాత క్రాంక్ ముందు సీల్. వాల్వ్ కవర్ అయితే బోల్టులు ఇంకాస్త బిగిద్దాం అనుకుంటావు. వద్దు. చాలా కార్లలో వాటికి 10 న్యూటన్ మీటర్ల లోపే చాలు, మణికట్టుతో తిప్పేంత. ఎక్కువ బిగిస్తే గ్యాస్కెట్ పిండినట్టు బయటికొస్తుంది, అల్యూమినియం మరలు తెగుతాయి. రబ్బరు గట్టిపడిందంటే మార్చడమే, బిగింపు మందు కాదు.

ఇంకోటి, ఆ మరక ఎగ్జాస్ట్ వైపైతే ఆలస్యం చెయ్యకు. ఎర్రగా కాలే మానిఫోల్డ్ మీద ఆయిల్ పడితే పొగతో ఆగదు. కాలిన వాసన హీటర్ గాలిలో వస్తే ఆపి, దిగి, చూడు.

కొత్తస్టీరింగ్
ఎగ్జాస్ట్ వైపే. ఈ రాత్రికి బయటికి తియ్యను అయితే.

టాప్‌తీసినబండి
శనివారం పూటంతా కారు కిందే. కడిగి, ఆరబెట్టి, పదిహేను నిమిషాలు తిప్పి, అద్దం ముక్క ఒక పుల్లకి కట్టి హెడ్ వెనక్కి దూర్చా. వాల్వ్ కవర్ పొడి. దాని కింద సెన్సర్ మెడ చుట్టూ మాత్రం మెరుస్తూ సన్నటి వలయం. చూస్తుండగానే అడుగున ఒక బొట్టు పోగై, కాసేపు వేలాడి, బెల్‌హౌసింగ్ మీదకి జారింది. ఆ దారంతా నున్నగా తడి. బొట్టు దిగడం చూసి నేను కేక పెడితే ఇంట్లోవాళ్లు ఏదో మీద పడిందని పరిగెత్తుకొచ్చారు.

క్యామ్‌కవర్
చెప్పలా!

విప్పే ముందు సెన్సర్ కాలరుకీ హెడ్‌కీ కలిపి ఒక గీత గియ్యి. అది తిరిగితే ఇగ్నిషన్ టైమింగ్ తిరిగినట్టే. బిగించేటప్పుడు గీతకి గీత కలవాలి. కొత్త ఓరింగ్‌కి ఆయిల్ రాసి తొడుగు, పొడిగా తోస్తే చిరుగుతుంది. దొరికితే వైటాన్ అనే వేడిని తట్టుకునే రబ్బరు రకం తీసుకో, 200 డిగ్రీల వేడికీ గట్టిపడదు.

మీసాలమెకానిక్
వైటాన్ వేడికి మొనగాడే గానీ మామూలు రకం -20 దగ్గర బిగుసుకుంటుంది. అంతకంటే చలిలో స్టార్ట్ చేసేవాళ్లు ఆలోచించుకోవాలి. చలికాలమంతా కవరు కింద ఉండే కారుకి పర్లేదు.

టాప్‌తీసినబండి
అయింది. ఒకటే బోల్టు, కానీ దాన్ని చేరడానికి గంటన్నర. కళ్లకి కనపడదు, వేళ్లతో వెతుక్కుంటూ తిప్పాలి. రెండు కణుపుల మీద చర్మం లేచిపోయింది. పాత ఓరింగ్ గుండ్రంగా లేదు, గాడి ఆకారానికి నొక్కుకుపోయి పలకలుగా తయారైంది. వంచబోతే టిక్కుమని రెండు ముక్కలైంది, రబ్బరు కాదు, ప్లాస్టిక్ గాజులాగా. గీతకి గీత కలిపి బిగించా. కింద కొత్త అట్ట పరిచి తేదీ రాశా.

నట్టూబోల్టూ
ఆ రెండు ముక్కలూ తీసుకెళ్లి వర్క్‌షాపు టేబుల్ మీద పెట్టు.

టాప్‌తీసినబండి
పెట్టా. "ఇది కూడా కావచ్చు అనుకున్నా" అన్నాడు.

ఎర్రగీత9000
చూశారా, అతనికి తెలుసు.

డిప్‌స్టిక్
వచ్చే చలికాలానికి ముందు ఇప్పుడు చేసినట్టే కొత్త ఆయిల్ పోసి పెట్టు, అది సరైన పనే. వాడిన ఆయిల్‌లో ఆమ్లాలూ తేమా ఉంటాయి, నెలల తరబడి బేరింగుల్నీ సీళ్లనీ అందులో నానబెట్టకూడదు. మళ్లీ బయటికి తీసినప్పుడు మాత్రం మొదటి తిప్పుకే అందుకోనివ్వకు. ఫ్యూయల్ పంపు ఫ్యూజు పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా కొద్దికొద్దిగా ఆగుతూ స్టార్టర్ తిప్పు. ఆ తర్వాత ఫ్యూజు పెట్టి స్టార్ట్ చెయ్. వేడెక్కేదాకా గట్టిగా తొక్కకు.

టాప్‌తీసినబండి
ఆరు రోజులైంది. రెండుసార్లు దూరం తిప్పొచ్చా. బెల్‌హౌసింగ్ కింద అట్ట పొడిగా ఉంది. కాకపోతే గేర్‌బాక్స్ తోక దగ్గర, వెనక చక్రాలకి శక్తి తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ దూరేచోట, రూపాయి బిళ్లంత చెమ్మ. వేలితో తీసి వాసన చూశా. కుళ్లిన గుడ్డు.

తుప్పుకితుప్పు
దానికి వేరే థ్రెడ్ పెట్టు.

ఎర్రగీత9000
గేర్‌బాక్స్ దించు.